మందుకు లొంగని బూజు: కిడ్నీ మార్పిడి జరిగిన ఇంటివారికి నాలుగు మాటలు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శిగారు కబురు చేసినపుడు మేము కొంచెం వెనుకాడిన మాట నిజం. మేము డాక్టర్లం కాము. ఉపన్యాసాలు చెప్పి అలవాటున్న వాళ్ళమూ కాము. మిరప తోట, నాలుగెకరాల వరి చేసుకొనే మామూలు కుటుంబం మాది. కాని "మీ ఇంట్లో జరిగింది నలుగురికీ తెలిస్తే రేపు ఇంకొక ఇంట్లో జరగకుండా ఉంటుంది గదా" అని వారు అన్న మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. అందువల్ల మా అనుభవంలోకి వచ్చినది, ఆస్పత్రి వరండాలో డాక్టర్లను అడిగి తెలుసుకొన్నది, ఆ తర్వాత చదివి తెలుసుకొన్నది కలిపి మీ ముందుంచుతున్నాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా తమ్ముడు దర్జీ. షుగరు జబ్బు వలన వాడి రెండు కిడ్నీలూ చెడిపోయినవి. రెండేళ్ళు డయాలసిస్ మీద గడిచింది. చివరకు మా అమ్మ, "నాకు రెండున్నాయి గదా, ఒకటి వాడిదే అనుకోండి" అన్నది. 2018 సెప్టెంబరులో హైదరాబాదులో ఆపరేషను జరిగింది. అమ్మ కిడ్నీ వాడి కడుపులో పనిచేయడం మొదలుపెట్టిన రోజు మా ఇంట్లో పండుగే. మూడు నెలలు దాటేసరికి వాడు మిషను ముందు కూర్చుని మళ్ళీ కాజాలు కుట్టసాగాడు. ఇక గండం గడిచిందని అందరం అనుకొన్నాము. గండం గడవలేదు. అది మారువేషంలో వచ్చింది.

కథలోకి వెళ్ళే ముందు రెండు ముక్కలు చెప్పాలి. ఒకరి అవయవాన్ని మరొకరికి పెట్టి బ్రతికించడం ఈనాటి మాట కాదు. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే ఒక కవలపిల్లవాని కిడ్నీని వాని తోడబుట్టిన కవలకు అమర్చి జయం పొందారు. అందుకుగాను ఆయనకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కిడ్నీ మార్పిడి జయప్రదంగా జరిగింది. 1994లో అవయవ మార్పిడికి పార్లమెంటు చట్టం చేసింది. మరణించినవారి అవయవాలను అందించే జీవన్‌దాన్ పథకం 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. ఇప్పుడు మన జిల్లాల్లో కూడా కిడ్నీ మార్పిడి చేయించుకొన్నవారు కనిపిస్తున్నారు.

కవలలైతే సరే. మిగతావారి విషయంలో ఒక చిక్కు ఉన్నది. మన ఒంటికి పరాయి వస్తువును గుర్తుపట్టి తరిమివేసే గుణం ఉంది. అదే రోగనిరోధక శక్తి. కన్నతల్లి కిడ్నీ అయినా సరే, ఒంటికి అది పరాయిదే. తరిమివేయకుండా ఉండాలంటే ఆ శక్తిని మందులతో అణచిపెట్టాలి. ఆ మందులు జీవితాంతం మింగాలి. అనగా ఇంటికి వచ్చిన కొత్త చుట్టాన్ని కరవకుండా కాపలా కుక్కను కట్టివేసినట్లు. చుట్టం క్షేమమే. కాని అదే అదనుగా దొంగ వస్తే మొరిగేవారు లేరు.

ఆ దొంగలలో చాలా మొండిది బూజు. డాక్టర్లు శిలీంధ్రం అంటారు, ఫంగస్ అంటారు. నానిన రొట్టె మీద, పచ్చడి జాడీ మూతకింద, తడిసిన గోడ మీద మనం చూసేవన్నీ ఆ జాతివే. దీని బీజాలు కంటికి ఆనవు. గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. మీరు, మేము ఈ హాలులో కూర్చుని వాటిని పీలుస్తూనే ఉన్నాము. మనకేమీ కాదు. ఒళ్ళు వాటిని ఎక్కడికక్కడ చంపుతుంది. కాపలా కట్టివేసిన ఒంట్లో మాత్రం అవి ఊపిరితిత్తుల్లో మొలకెత్తి వేళ్ళూనుతాయి.

ఇందులో ఒక విచిత్రం చెప్పాలి. అవయవ మార్పిడికి మంచి రోజులు తెచ్చిన సైక్లోస్పోరిన్ అనే మందు నార్వే దేశపు మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం నుంచి తీసినదే. 1983లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. మా తమ్ముడు వాడే మైకోఫినోలేట్‌కు మూలమైన పదార్థం కూడా పెన్సిలియం జాతి బూజులో దొరికినదే. ప్రాణం నిలిపినదీ బూజే, ప్రాణం మీదికి తెచ్చినదీ బూజే.

ఇక మా కథ. ఆపరేషను జరిగిన అయిదో నెల, 2019 ఫిబ్రవరి. ఊళ్ళో మిరప కోతలు. "ఇంటి దగ్గర నాలుగు రోజులు ఉండి పోరా" అని మేమే పిలిచాము. తప్పు అక్కడ మొదలైంది. వాడికి నడుం దగ్గర తామర లేచింది. దురదకు నిద్ర పట్టడం లేదన్నాడు. ఆస్పత్రికి ఫోను చేసి అడగవలసింది. "దీనికి కూడానా, ఏం కాదు లెండి" అని బజారులో మందుల షాపులో అడిగాము. ఒక ట్యూబు, రోజుకొకటి చొప్పున పది ఫ్లూకొనజోల్ మాత్రలు ఇచ్చారు. డబ్బు తక్కువే. దురదా తగ్గింది. కాని వారం తిరిగేసరికి వాడి చేతులు వణకసాగాయి. దర్జీ మనిషి, సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు. "వదినా, కాస్త ఎక్కించి ఇవ్వు" అని అడిగితే నీరసమేమో అనుకొన్నాము.

నీరసం కాదు. హైదరాబాదు తీసుకువెళితే డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "కొత్తగా ఏ మందు మింగావు?" అని. సంగతి ఏమిటంటే, కిడ్నీ నిలబడడానికి వాడు మింగే టాక్రోలిమస్ అనే మందును లివరు కొంచెం కొంచెంగా విరిచి బయటికి పంపుతుంది. ఫ్లూకొనజోల్ జాతి మందులు లివరు చేసే ఆ పనికి అడ్డుపడతాయి. అందువల్ల మింగినది అంతే అయినా రక్తంలో టాక్రోలిమస్ పేరుకుపోతుంది. చేతులు వణికింది అందుకే. క్రియాటినిన్ 1.2 ఉండేది 2.1కి పెరిగింది. అంతకన్నా చేటు, కాపలా కుక్కకు రెండో గొలుసు వేసినట్లయింది. డాక్టరుగారు కోప్పడలేదు. "ఈసారి జలుబు మాత్ర అయినా మమ్మల్ని అడిగి మింగండి" అన్నారు, అంతే. ఆ మాట కోపం కంటె ఎక్కువ గుచ్చుకొంది.

మాత్రలు ఆపారు. చేతులు కుదుటపడ్డాయి. మరి రెండు వారాలకు పొడిదగ్గు, సాయంత్రం పూట వెచ్చబడడం మొదలైంది. మాకు అప్పటికీ బుద్ధి రాలేదు. మిరప ఘాటుకు దగ్గు వస్తోందేమోనని ఊళ్ళో వైద్యం చేసే ఆయన దగ్గర ఎనిమిది రోజులు దగ్గుమందు, యాంటిబయాటిక్ మాత్రలు వాడాము. యాంటిబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది గాని బూజును చంపదు అనే సంగతి మాకు అప్పుడు తెలియదు. తొమ్మిదో రోజు కళ్ళెలో రక్తపు చార పడింది.

సి.టి. స్కాన్‌లో ఊపిరితిత్తిలో గడ్డ కనబడింది. ముక్కుగుండా సన్నని గొట్టం పంపి లోపల కడిగిన నీటిని పరీక్షకు పంపారు. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అని తేలింది. పెంటదిబ్బల్లో, కుళ్ళిన ఆకుల్లో, గడ్డివాముల్లో, ధూళిలో ఉండే మామూలు బూజు అది. దానికి ప్రధానమైన మందు వోరికొనజోల్. వెంటనే మొదలుపెట్టారు. ఇది కూడా ఆ జాతిదే గనుక టాక్రోలిమస్‌ను ముందే మూడోవంతుకు తగ్గించి, రక్తపరీక్షలు చేస్తూ ఇచ్చారు. చూశారా, అదే జాతి మందు, తెలిసినవారి చేతిలో ఒక రకం, తెలియనివారి చేతిలో మరొక రకం.

పది రోజులు గడిచినా జ్వరం దిగలేదు. గడ్డ పెరిగింది. రక్తంలో మందు చాలినంత ఉన్నది, అయినా పని చేయడం లేదు. అప్పుడు ఆ బూజును గాజుపళ్ళెంలో పెంచి, ఏ మందుకు చస్తుందో చూసే పరీక్ష చేయించారు. జవాబు వచ్చింది. వోరికొనజోల్‌కు లొంగదు. ఇట్రాకొనజోల్‌కు కూడా లొంగదు. మేము తెల్లబోయాము. "మావాడు ఆ మందు ఇంతకు ముందెన్నడూ మింగలేదే, దానికి అలవాటు ఎలా అయ్యింది?" అని అడిగాము. డాక్టరుగారు ఎదురు ప్రశ్న వేశారు. "మీ మిరప తోటకు బూడిద తెగులు వస్తే ఏం కొడతారు?"

అన్నదాతలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీకు తెలియని పేర్లు కావు. వరికి పాముపొడ తెగులు వస్తే హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్. మిరపకు బూడిద తెగులు, కాయకుళ్ళు వస్తే టెబుకొనజోల్, డైఫెనోకొనజోల్. మనిషికి ఇచ్చేవి ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, పోసాకొనజోల్. పేర్ల చివర చూడండి. అందరి ఇంటిపేరూ ఒకటే. పని చేసే తీరూ ఒకటే. బూజు కణానికి చుట్టూ ఉండే పొరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు కావాలి. దానిని తయారుచేసే యంత్రాన్ని ఈ మందులు ఆపివేస్తాయి. పొలంలో ఏళ్ళ తరబడి ఆ మందు తగిలీ తగిలీ, ఏ బూజు బీజంలో ఆ యంత్రం కాస్త మారి ఉన్నదో అది బ్రతికి పిల్లలను పెడుతుంది. ఆ బీజం గాలిలో లేచి ఎవరి ఊపిరిలోకైనా పోవచ్చు. ఆ మనిషి ఒక్క మాత్ర మింగకపోయినా అతనికి వచ్చిన బూజు అప్పటికే చదువుకొని వచ్చినదన్న మాట.

నెదర్లాండ్స్ దేశంలో 1990ల చివరి నుంచి ఇటువంటి రోగులు కనబడ్డారు. అక్కడ పూలతోటల చెత్తకుప్పల్లో అటువంటి బూజు దొరికింది. 2012లో ఢిల్లీ పరిశోధకులు మన దేశపు మట్టిలో కూడా అదే రకం ఉన్నదని ప్రకటించారు. మా తమ్ముడికి సోకిన బీజం మా పొలందో, నగరంలో కూలగొట్టే ఏ పాత మేడదో ఎవరూ చెప్పలేరు. కాని ఆ రాత్రి మా పెద్దన్న నిద్రపోలేదు. డబ్బా మీద రాసిన మోతాదుకు రెట్టింపు కలిపి కొట్టిన రోజులు ఆయనకు గుర్తున్నవి.

ఇక మిగిలిన దారి ఆంఫోటెరిసిన్. 1950ల దశకంలో వెనెజ్వేలా దేశపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన పాత మందు. గట్టి మందే, కాని కిడ్నీకి పడదు. ఇప్పుడు కొవ్వు తొడుగు వేసిన రకం వచ్చింది, దెబ్బ తక్కువ. తక్కువే గాని లేకపోలేదు. బూజు మందులు ఎందుకింత కటువు అని అడిగితే డాక్టరుగారు ఇలా చెప్పారు: బాక్టీరియా కణం మన కణానికి చాలా దూరపు చుట్టం, దాన్ని వేరుచేసి కొట్టవచ్చు. బూజు కణం మన కణానికి దగ్గరి చుట్టం. దానికి తగిలే దెబ్బ మనకూ తగులుతుంది. అందుకే బాక్టీరియాకు మందులు అన్ని రకాలుంటే, ఒంటి లోపలి బూజుకు ముఖ్యమైన జాతులు మూడే. అందులో ఒకటి చెడిపోతే మిగిలేది రెండు.

ఆ రోజు డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాట: "ప్రాణం నిలవాలంటే బూజు మందు ఇవ్వాలి, కాపలా శక్తిని పెంచాలి. అనగా కిడ్నీ మందులు తగ్గించాలి. కిడ్నీ పోవచ్చు." మేమందరం అమ్మ ముఖం వంక చూశాము. ఆమె ఒంటిలోనుంచి కోసి ఇచ్చినది గదా. అమ్మ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "కిడ్నీ పోతే పోనీయండి అయ్యా. నేను ఇచ్చింది వాడి కోసం గాని కిడ్నీ కోసం కాదు" అన్నది.

మైకోఫినోలేట్ ఆపారు. ఆంఫోటెరిసిన్ ఎక్కించారు. చలి వణుకు, పొటాషియం పడిపోవడం, వాంతులు, అన్నీ చూశాము. మొదటి కోత డబ్బు అంతా ఆ మందుకే పోయింది. ఇంకొకరి దగ్గర చేయి చాచవలసి వచ్చింది. అయిదో వారానికి గడ్డ తగ్గుముఖం పట్టింది. కిడ్నీ కూడా పోలేదు. దెబ్బతిని నిలిచింది. క్రియాటినిన్ 1.9 దగ్గర ఆగింది. ఈరోజు వాడు మళ్ళీ కుడుతున్నాడు. మా అమ్మ వెనుక వరుసలో కూర్చుని ఉన్నది. ఇవన్నీ చెప్పవద్దని కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నది.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2021లో కోవిడ్ రెండో ఉధృతిలో నల్ల ఫంగస్ అని వచ్చినది మీ అందరికీ గుర్తే. తెలంగాణ ప్రభుత్వం ఆ మే నెలలో దానిని తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించింది. దేశం మొత్తం మీద 45 వేలకు పైగా కేసులు వచ్చినట్లు ఆ జూలైలో కేంద్రం తెలిపింది. షుగరు, మోతాదు మించిన స్టీరాయిడ్లు దానికి దారి తీశాయి. ఆ బూజుకు పుట్టుకతోనే వోరికొనజోల్ పనిచేయదు. ఆంఫోటెరిసిన్ ఇంజక్షన్ల కోసం జనం ఊళ్ళు తిరిగారు.

మరొకటి కాండిడా ఆరిస్. 2009లో జపానులో ఒక వృద్ధురాలి చెవిలో దొరికింది గనుక ఆ పేరు. కొద్ది ఏళ్ళలోనే మన దేశంతో సహా పలు ఖండాలకు పాకింది. ఎక్కువ భాగం ఫ్లూకొనజోల్‌కు లొంగదు. ఇది గాలిలో కాదు, చేతుల ద్వారా, ఆస్పత్రి మంచాలు, బి.పి. చూసే పట్టీల ద్వారా పాకుతుంది. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన 19 శిలీంధ్రాల పట్టిక వెలువరించింది. మొదటి తరగతిలో పెట్టిన నాలుగింటిలో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్, కాండిడా ఆరిస్ రెండూ ఉన్నాయి.

ఇక మేము మనవి చేసుకొనే నాలుగు మాటలు.

మొదటిది, అవయవ మార్పిడి అయిన మనిషి ఉన్న ఇంటివారికి. దురదకైనా, దగ్గుకైనా, ఆకుమందైనా సరే, ఆపరేషను చేసిన ఆస్పత్రిని అడగనిదే నోట్లో వేయవద్దు. వాడే మందుల చీటీ జేబులో ఉండాలి. జ్వరం వస్తే ఆ రోజే ఫోను చేయండి. రేపు చూద్దామనవద్దు. మేము ఎనిమిది రోజులు చూశాము. బూజు మందు మొదలుపెట్టాక బాగయిందని మధ్యలో మానవద్దు. షుగరు అదుపులో ఉంచండి.

రెండవది, గాలీ ధూళీ సంగతి. మిరప కళ్ళం, గడ్డివాము, పెంటదిబ్బ, ఇల్లు కూలగొట్టే చోటు, వీటికి వారు దూరంగా ఉండాలి. తప్పనిసరైతే ముక్కుకు మంచి మాస్కు కట్టాలి. గోడల చెమ్మ, కూలర్లలో నిలవనీరు ఉండనీయవద్దు. పావురాల మీద ప్రేమ ఉన్నవారు మనలో తక్కువ కాదు. పావురాల రెట్టలో క్రిప్టోకాకస్ అనే బూజు పెరుగుతుంది. పావురాలను పెంచండి, వద్దనము. ఆ గూడు ఊడ్చే పని మాత్రం కిడ్నీ మార్చుకొన్న మనిషికి చెప్పవద్దు.

మూడవది, రోగిని పరామర్శించడం గురించి. ఎవరికైనా బాగా లేదంటే పదిమందిమి కలిసి వెళ్ళడం మన అలవాటు, మంచి అలవాటు. కాని అటువంటి రోగి దగ్గరకు ఒక్కరో ఇద్దరో వెళ్ళండి. లోపలికి పోయేముందు, వచ్చేముందు చేతులు కడగండి. మంచం మీద కూర్చోవద్దు. పూలకుండీలు తీసుకుపోవద్దు. మిగతావారు బయట ఉన్న ఇంటివారికి ఒక పూట భోజనం పంపితే అదే పెద్ద పరామర్శ. మాకు ఆ నెలన్నర రోజులూ కారియర్ పంపిన ఇంటివారు ఈ సభలోనే ఉన్నారు. వారి పేరు చెబితే కోప్పడతారు.

నాలుగవది, రైతు సోదరులకూ, మందుల షాపు సోదరులకూ. తెగులు కనబడకుండానే, పక్క పొలంవాడు కొట్టాడని కొట్టవద్దు. వ్యవసాయాధికారి చెప్పిన మోతాదు మించవద్దు. ఒకే ఇంటిపేరు మందును పదే పదే కొట్టకుండా జాతి మార్చండి. దీనివలన ఖర్చు కూడా తగ్గుతుంది. షాపులవారు చీటీ లేకుండా ఫంగస్ మాత్రలు, స్టీరాయిడ్ కలిపిన తామర ట్యూబులు అమ్మవద్దు. ఆ ట్యూబుల వలననే మన దేశంలో తామర మొండికెత్తిందని చర్మ వైద్యులు మొత్తుకొంటున్నారు. కనీసం ఒక్క ప్రశ్న అడగండి: "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" ఆనాడు మమ్మల్ని ఎవరైనా ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. మేమూ చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. తప్పు ఒక్కరిది కాదు.

మందు అనేది ఊరి చెరువు వంటిది. ఎవరి కడవ వారు ముంచుకొంటున్నాము అనుకొంటాము. కాని ఒకరు పాడుచేసిన నీళ్ళు అందరూ తాగాలి. పొలంలో, షాపులో, ఆస్పత్రిలో ముగ్గురూ జాగ్రత్తపడితేనే ఆ మిగిలిన రెండు మూడు మందులు మన పిల్లల కాలానికి పనికివస్తాయి.

ఈ మాటలు విని ఒక్క ఇంటివారు ఒక్క మాత్ర మింగేముందు ఫోను చేసి అడిగితే, మేము ఈ వేదిక ఎక్కినందుకు ఫలితం దక్కినట్లే. కిడ్నీ మార్పిడికి సిద్ధపడుతున్నవారు ఎవరైనా ఉంటే సభ అయ్యాక మా దగ్గరకు రండి. డాక్టర్లు చెప్పేది డాక్టర్లు చెప్తారు. ఇంట్లో ఎలా ఉండాలో మా అమ్మ చెప్తుంది.